సబ్బుబిళ్ళ, రక్తపుచుక్క

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓ కునుకు తీద్దామని పడకకుర్చీలో చేరగిలబడ్డానో లేదో, వీధి తలుపు చప్పుడైంది. చూద్దును గదా, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయి. భుజాన సంచీ, చేతిలో ఫారాల కట్ట, ముఖం నిండా చెమట. ఆరోగ్య సర్వే అట. ఇంట్లో పెద్దవారెవరని అడిగిందే తడవుగా మా అమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మామ్మగారూ, మీకు పిల్లలెంతమంది?"

"ఐదుగుర్ని కన్నాను. ముగ్గురున్నారు. ముందు మంచినీళ్ళు తాగు."

"మీ ఇంట్లో వంట దేనిమీద చేస్తారు?"

"గ్యాసు మీద. నీకు పెళ్ళయిందా?"

అరగంట గడిచేసరికి ఆ అమ్మాయి ఊరూ పేరూ, తండ్రి జీతం, అన్నగారి ఉద్యోగం, కుదిరి తప్పిపోయిన సంబంధం, అన్నీ మా అమ్మకు తెలిసిపోయాయి. ఫారంలో మాత్రం రెండు పేజీలే నిండాయి. ఆ తరవాత అమ్మాయి సంచీలోంచి చిన్న సూది తీసి, "వేలి చివర ఒక్క చుక్క రక్తం మామ్మగారూ, రక్తహీనత ఉందో లేదో చూడాలి" అంది. మా అమ్మ చప్పున చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"ఎవరు తియ్యమన్నారు?"

"పైనుంచి అనుమతి ఉందండీ. ఇదుగో, ఈ కాగితంలో రాసి ఉంది. ఈ పరిశోధనకు సంఘంవారి ఆమోదం లభించింది అని."

"బాగానే ఉంది. నా ఒంట్లో రక్తం నువ్వు తీసుకోడానికి వాళ్ళెవరమ్మా ఆమోదించడానికి? అడగవలసింది నన్ను గదా!"

ఆ అమ్మాయి నావంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను. పాతికేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నవాడినే గాని, ఆ ప్రశ్నకు జవాబు వెంటనే తోచలేదు. అయితే ఆ ప్రశ్న నాకు కొత్తదేమీ కాదు. సరిగ్గా వారం కిందటే మరో ఖండం నుంచి వచ్చిన ఉత్తరంలో అదే ప్రశ్న చదివి ఉన్నాను.

నా పాత శిష్యుడొకడు ఆఫ్రికాలో మలావి అనే దేశంలో, బ్లాంటైర్ నగరంలో పనిచేస్తున్నాడు. వైద్య పరిశోధనల లెక్కలు చూసే ఉద్యోగం. తెలుగులో మార్కులు తక్కువ తెచ్చుకున్నవాడే నాకు ఇప్పటికీ పెద్ద పెద్ద ఉత్తరాలు రాస్తాడు. మొదటి శ్రేణిలో ప్యాసైన వాళ్ళు పండగకు కూడా పలకరించరు. "మాష్టారూ, ఇక్కడ ఎవరు ఏ పరిశోధన చెయ్యాలన్నా ముందు అర్జీ పెట్టుకోవాలి. ఆమోదించిన పరిశోధనల జాబితాలు చూస్తూ కూర్చుంటే, మన పెళ్ళిపిలుపుల జాబితాలాగా, ఈ దేశంలో ఎవరింటికి ఎవరు ఎందుకొచ్చారో అంతా తెలిసిపోతుంది" అని రాశాడు.

మలావి పేరు మనలో చాలామంది వినివుండరు. ఆఫ్రికా ఆగ్నేయభాగంలో, పొడుగ్గా సన్నగా, ఒక మహా సరస్సును ఆనుకుని పడుకున్న దేశం. ఆ సరస్సు పొడవు దాదాపు 580 కిలోమీటర్లు. దేశం మొత్తం విస్తీర్ణం మన ఆంధ్రప్రదేశ్ కంటే తక్కువ. అందులోనూ అయిదోవంతు నీళ్ళే. 2018 జనాభా లెక్కల్లో కోటీ డెబ్భై అయిదు లక్షలమంది తేలారు. అన్నం బదులు మొక్కజొన్న పిండితో గట్టి సంకటి వండుకు తింటారు, దాన్ని న్సిమా అంటారు. ఎగుమతుల్లో పెద్దది పొగాకు. గుంటూరువారు విని ఒకసారి నిట్టూర్చవచ్చు. ఇంగ్లీషువాళ్ళు న్యాసాలాండ్ అని పిలిచిన ఈ దేశానికి 1964 జులైలో స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు ఒక నెలముందే ఫిన్లాండులోని హెల్సింకీలో ప్రపంచ వైద్యసంఘం సమావేశమై, మనిషి మీద పరిశోధన చేసే డాక్టరు పాటించవలసిన నియమాలు రాసింది. రెండూ ఒకే వేసవిలో పుట్టిన బిడ్డలన్నమాట.

బీదదేశం. సొంత వైద్యకళాశాల 1991లో గాని తెరవలేదు. రోగాలకు మాత్రం కొదవ లేదు: చలిజ్వరం, క్షయ, కుష్ఠు, టైఫాయిడ్, ఆపైన ఎయిడ్స్. రోగమున్నచోటికి పరిశోధకుడు రాక తప్పదు. వచ్చినవాళ్ళలో చాలామంది దొరలు. డబ్బూ వాళ్ళదే, యంత్రాలూ వాళ్ళవే. రక్తం మాత్రం ఇక్కడివాళ్ళది. అందుకని ఆ ప్రభుత్వం మధ్యలో ఒక తలుపు పెట్టుకుంది. 2003 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన జాతీయ శాస్త్ర సాంకేతిక కమిషన్ కింద, ఆరోగ్య పరిశోధనలకొక సంఘమూ, సాంఘికశాస్త్రాలకొక సంఘమూ ఉన్నాయి. బ్లాంటైర్ వైద్యకళాశాలకు తనదంటూ మరొకటి ఉంది. ఎవరు వచ్చినా వాటి ముందు నిలబడి, ఏం అడగబోతున్నారో, ఏం తీసుకోబోతున్నారో, దానివల్ల ఇక్కడి మనిషికి ఏం ఒరుగుతుందో చెప్పుకోవాలి.

వాళ్ళ చిచేవా భాషలో పరిశోధనను "కఫుకుఫుకు" అంటారట. ఆ మాట వింటే నాకు పెరట్లో కోడి నేల కెలుకుతున్నట్టుంటుంది. మన "పరిశోధన" కంటే అదే నిజానికి దగ్గరేమో!

ఉదాహరణకు చలిజ్వరం సంగతే తీసుకోండి. బ్లాంటైర్‌లోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రికి వానాకాలమొస్తే స్పృహలేని పసిపిల్లలను తల్లులు మోసుకొస్తారు. జ్వరం మెదడుకెక్కిన పిల్లలు. అందులో చాలామంది బతుకుతారు. కొందరు మందు పడుతుండగానే పోతారు. ఎందుకు పోతున్నారో 1986 నుంచి ప్రతి వానాకాలమూ అక్కడే ఉండి చూస్తూవచ్చిన అమెరికన్ డాక్టరమ్మ ఒకావిడ ఉంది, టెర్రీ టేలర్ అని. బతికున్న పిల్లల్ని ఎంత పరీక్షించినా ఒక స్థాయి దాటి తెలియడంలేదు. పోయిన బిడ్డను కోసి చూస్తేనే గాని అసలు కారణం బయటపడదు.

ఆ ఒక్క వాక్యం రాయడం ఎంత సులువో చూడండి! రాత్రి రెండు గంటలకు బిడ్డ పోయాడు. తల్లి గుడ్డలో చుట్టుకుని, తెల్లవారగానే ఊరికి బయలుదేరాలని కూర్చుంది. అప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్ళి "అమ్మా, నీ బిడ్డను కోసి చూడనిస్తావా?" అని అడగాలి. సంఘం ఆమోదించింది, కాగితం మీద ముద్ర ఉంది. కాని ముద్ర వెళ్ళి అడగదు గదా. మనిషే వెళ్ళాలి, ఆ తల్లి భాషలో అడగాలి, వద్దంటే తలవంచుకుని తిరిగి రావాలి.

కొందరు ఒప్పుకున్నారు. చలిజ్వరం మెదడుకెక్కి పోయారనుకున్న 31 మంది పిల్లలను అట్లా చూడగలిగారు. 2004లో ప్రకటించిన ఆ ఫలితం వైద్యలోకాన్ని ఉలిక్కిపడేలా చేసింది: 31 మందిలో ఏడుగురికి చావుకు కారణం చలిజ్వరం కానేకాదు. రక్తంలో ఆ క్రిమి ఉన్నమాట నిజమే, అక్కడ చాలామంది పిల్లల రక్తంలో అది ఉంటుంది, చంపింది మరేదో. అంటే ఆ ఏడుగురూ తమది కాని రోగానికి మందు తింటూ పోయారు. మరి బతికున్నవాళ్ళలో ఎవరిది ఏదో ఎట్లా పోల్చడం? దానికీ ఆ పిల్లలే జవాబు చెప్పారు. కంటి లోపలి పొరను పరీక్షించి చూస్తే, అసలు చలిజ్వరమైతే అక్కడ తెల్లటి మచ్చలు, రక్తపు చారలు కనిపిస్తాయి, కాకపోతే కనిపించవు. చేత్తో పట్టుకుని చూసే చిన్న పనిముట్టు చాలు.

కథ అంతటితో ఆగలేదు. 2008లో ఆ ఆసుపత్రికి మెదడు బొమ్మ తీసే పెద్ద యంత్రం వచ్చింది. దేశం మొత్తానికి అదే మొదటిది. 2015లో చెప్పిన లెక్క ఇదీ: అట్లా బొమ్మ తీసిన 168 మంది పిల్లల్లో 25 మంది పోయారు, ఆ 25 మందిలో 21 మందికి వచ్చేసరికే మెదడు విపరీతంగా వాచి ఉంది. వాచిన మెదడు కిందికి నొక్కుకుని, ఊపిరి నడిపే భాగాన్ని అదిమేస్తుంది. బిడ్డకు ఊపిరి ఆగిపోతుంది. వాపు తగ్గేదాకా ఊపిరి నిలబెట్టగలిగితే బతికించవచ్చునా అన్న తరవాతి ప్రశ్న అందులోంచే పుట్టింది.

ఆ 31 మంది తల్లిదండ్రుల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. ఉండకూడదని కూడా నియమం.

ఉత్తరభాగాన కరోంగా అని ఒక జిల్లా ఉంది. 1979, 80 ప్రాంతాల్లో కుష్ఠును గురించి తెలుసుకుందామని అక్కడ ఇల్లిల్లూ తిరిగి మనిషి మనిషినీ రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ తరవాత 1986 నుంచి 89 దాకా దాదాపు లక్షా ఇరవై వేలమందికి బి.సి.జి. టీకా పరీక్ష జరిగింది. ఒకసారి వేయించుకున్నవాళ్ళకు రెండోసారి వేస్తే లాభముందా అన్నది ప్రశ్న. 1996లో జవాబొచ్చింది: కుష్ఠు సగానికి సగం తగ్గింది, క్షయకు మాత్రం రెండో టీకా ఏమీ పనిచేయలేదు. క్షయకని పుట్టిన టీకా కుష్ఠుకు పనికిరావడమేమిటి! "వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయింది" అంటారు గాని, ఇక్కడ కోతీ పనికొచ్చింది. ఇటువంటి దెబ్బ మనకూ తగిలింది లెండి. మద్రాసు పక్కన చెంగల్పట్టులో 1968లో మొదలైన పెద్ద బి.సి.జి. పరీక్షలోనూ పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయకు రక్షణ కనిపించలేదు. లాభం లేదని తేల్చుకోవడానికి లక్షలమంది చేతులు చాపాలి. కష్టమైన సంగతే గాని, తేల్చకపోతే ఇంకెన్ని కోట్ల చేతులు ఊరికే చాపేవో.

రక్తం మాట కొద్దాం. మా చిన్నతనంలో ఎక్కడ వంతెన కడుతున్నా, పిల్లల్ని పట్టుకుపోయి పునాదిలో బలిస్తారని పుకారు పుట్టేది. సంచీ భుజాన వేసుకున్నవాడు వీధిలో కనిపిస్తే ఇంట్లోకి పరుగెత్తేవాళ్ళం. మలావిలో 2017లో దక్షిణపు జిల్లాల్లో, ములాంజే, ఫలోంబె అనే చోట్ల, రాత్రిళ్ళు రక్తం పీల్చేవాళ్ళు తిరుగుతున్నారని పుకారు లేచింది. "అనమపోపా" అని వాళ్ళ పేరు. గుంపులు గుంపులుగా జనం కాపలాకాసి, అనుమానం వచ్చినవాళ్ళను కొట్టి చంపారు. ఐక్యరాజ్యసమితివాళ్ళు తమ మనుషుల్ని ఆ జిల్లాలనుంచి తరలించారు. ప్రభుత్వం రాత్రిపూట బయట తిరగరాదని ఆంక్ష పెట్టింది. 2002 ప్రాంతంలోనూ ఇటువంటి పుకారే ఒకటి పుట్టిందట.

చదువుకున్నవాళ్ళం మనం నవ్వవచ్చు. మా శిష్యుడు మాత్రం నవ్వలేదు. "మాష్టారూ, తెల్లకారులో వస్తారు. చేతికి తొడుగులు వేసుకుంటారు. గాజుగొట్టంలో రక్తం తీసుకుని పెట్టెలో పెట్టి తీసుకుపోతారు. మళ్ళీ ఆ రక్తం ఏమైందో ఎవరూ వచ్చి చెప్పరు. ఊళ్ళోవాళ్ళు ఏమనుకోవాలి?" అన్నాడు. నిజమే మరి. ఆ చంపినవాళ్ళను నేను సమర్థించడం లేదు. పోయినవాళ్ళు పాపం ఏ నేరమూ ఎరుగనివాళ్ళు. కాని అనుమానం గాలిలోంచి పుట్టదు. మన దేశంలో బి.సి.జి. టీకాలు కొత్తగా వచ్చిన రోజుల్లో, 1955లో, రాజాజీ అంతటివారే దానికి వ్యతిరేకంగా పుస్తకం అచ్చువేశారు.

సాంఘికశాస్త్రాల జాబితాలో సూదులుండవు. మాటలే. అయితే మాటలు తీసుకోవడం రక్తం తీసుకోవడం కంటే తేలికని నేననుకోను. మా అమ్మనడిగితే అసలనుకోదు.

1998లో సూసన్ వాట్కిన్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, ఆమె బృందమూ మలావిలో మూడు జిల్లాలు ఎంచుకున్నారు. ఉత్తరాన రుంఫీ, మధ్యన మ్చింజి, దక్షిణాన బలాకా. అవే కుటుంబాల దగ్గరికి కొన్నేళ్ళకొకసారి వెళ్ళి, ఎయిడ్స్‌ను గురించీ, పెళ్ళిళ్ళను గురించీ, పిల్లలను గురించీ అడుగుతూవచ్చారు. జవాబు చెప్పినందుకు కానుక, రెండు సబ్బుబిళ్ళలు. డబ్బిస్తే ఆశపెట్టినట్టవుతుంది, ఏమీ ఇవ్వకపోతే మర్యాద కాదు, కనక సబ్బు. అధికారుల దృష్టిలో అది చక్కని మధ్యేమార్గం. జవాబు చెప్పేవాళ్ళ దృష్టిలో? బిరుక్ అనే మానవశాస్త్రవేత్త ఆ సర్వేలవాళ్ళతోపాటు తిరిగి 2018లో ఒక పుస్తకం రాశారు. లెక్కలు పొలంలోనుంచి కాగితం మీదికి ఎట్లా "వండబడతాయో" చెప్పే పుస్తకం. గంటసేపు కడుపులో మాటలన్నీ చెప్పించుకుని రెండు సబ్బులా అని ఊళ్ళోవాళ్ళు సణుక్కున్న సంగతి అందులో ఉంది. ప్రశ్నలడిగే కుర్రవాళ్ళ చొక్కాలూ బూట్లూ చూసి, వీళ్ళకెంత జీతమో అని లెక్కవేసుకునేవారట. సర్వే రెండు వైపులా జరుగుతుందన్నమాట. మా ఇంట్లో జరిగినట్టే.

అదే బృందంలో 2004లో మరో పని జరిగింది. ఎయిడ్స్ పరీక్ష చేసి, ఫలితం వచ్చి తెలుసుకోండని చెప్పారు. ఎవరికెంత ఇవ్వాలో చీటీ వేసి, కొందరికి ఏమీ లేదని, కొందరికి మూడు డాలర్లదాకా రొక్కం ఇస్తామని రాసిచ్చారు. ఏమీ లేనివాళ్ళలో 34 శాతం మందే వచ్చారు. అతి చిన్న మొత్తం చూపించినా ఆ సంఖ్య రెట్టింపయింది. అంతవరకూ అందరూ ఏమనుకునేవారంటే, జనం సిగ్గుకూ భయానికీ రావడంలేదని. తీరా చూస్తే చాలామందికి అడ్డొచ్చింది నడకదూరమూ, పోయే పనిపూటా! బీదవాడి మనస్సును గురించి మనం కథలల్లేముందు అతని కాళ్ళు చూడాలి.

నాకు అన్నిటికంటే ప్రీతిపాత్రమైంది మరొకటుంది. 1999 నుంచి ఆ బృందం ఊళ్ళలో కాస్త చదువుకున్న కొద్దిమందికి నోటుపుస్తకాలిచ్చి, "మీరు ఎవర్నీ ఏమీ అడగొద్దు. నూతిదగ్గర, బస్సులో, చావు ఇంట్లో, ఎక్కడైనా ఎయిడ్స్‌ను గురించి మాట వినపడితే, ఇంటికెళ్ళి జ్ఞాపకమున్నంతవరకు రాయండి" అన్నారు. వాళ్ళు విన్నది తమ భాషల్లో, రాసింది ఇంగ్లీషులో. అట్లా వందలకొద్దీ పుస్తకాలు నిండాయి. ఫారంలో "నాకేమీ తెలియదు" అన్న మనిషి నూతిగట్టు మీద ఎంత తెలివిగా మాట్లాడుతుందో వాటిలో ఉంది. ఎవరు ఎవర్ని ఎందుకు పెళ్ళాడకూడదో, ఎవరి దగ్గు ఏ రకందో, ఏ భార్య మొగుడికి ఎట్లా బుద్ధి చెప్పిందో!

సాహిత్యం చదువుకున్నవాణ్ణి కనక నాకు నోరూరింది. తరవాత కొంచెం మనస్సు చివుక్కుమంది కూడాను. ఆ నూతిదగ్గర మాట్లాడిన ఆడవాళ్ళకు తమ మాటలు పుస్తకానికెక్కుతున్నాయని తెలియదు. పేర్లు మార్చి దాచారు, నిజమే. వీధిలో పైకి అన్న మాట అందరిదీ అని వాదించవచ్చు. కాని ఆమోదించిన సంఘం సంతకం ఒకవైపు, ఆ మాటన్న మనిషికి కబురే లేకపోవడం మరొకవైపు. నేను దీన్ని మాశిష్యుడికి రాస్తే వాడు చురక అంటించాడు: "మరి మన పత్రికల్లో సీరియల్ రాసేవారు పక్కింటివాళ్ళ అనుమతి తీసుకునే రాస్తున్నారా మాష్టారూ?" ఈ పేజీ పక్కనే ఉన్న రచయితలు ఏమంటారో వారికే వదిలేస్తున్నాను.

జోంబా జిల్లాలో 2008లో జరిగిందొకటి చెప్పాలి. పదమూడు నుంచి ఇరవై రెండేళ్ళలోపు పెళ్ళికాని ఆడపిల్లలకు నెలనెలా కొద్దిపాటి డబ్బిచ్చారు. ఇంటికి నాలుగు నుంచి పది డాలర్లు, పిల్ల చేతికి ఒకటి నుంచి అయిదు. కొందరికి బడికి పోతేనే అన్న షరతు, కొందరికి ఏ షరతూ లేదు. కొందరికి అసలు ఏమీ లేదు. వాళ్ళతో పోల్చి చూడాలి గదా. ఏడాదిన్నర పోయాక పరీక్షిస్తే, మొదట బడిలో ఉన్న పిల్లల్లో, డబ్బు అందినవాళ్ళలో ఎయిడ్స్ క్రిమి ఉన్నవాళ్ళు 1.2 శాతం, అందనివాళ్ళలో 3 శాతం. ఒక్కరికీ మందివ్వలేదు, ఉపన్యాసమివ్వలేదు. చేతిలో నాలుగు రూపాయలుంటే ఆడపిల్ల ఎవరి పంచా చేరనక్కరలేదన్నమాట. ఈ ఫలితం 2012లో వెలువడి గొప్ప పేరు తెచ్చుకుంది. అంతగా పేరు తెచ్చుకోని తరవాతి భాగం కూడా చెప్పడం న్యాయం. రెండేళ్ళకు డబ్బు ఆగిపోయింది. మరికొన్నేళ్ళకు వెళ్ళి చూస్తే, షరతు లేకుండా డబ్బందుకున్న పిల్లలకు కలిగిన మేలు చాలావరకు కరిగిపోయింది. బడి మానేసి, షరతుమీద మళ్ళీ బడికెళ్ళిన పిల్లలకు మాత్రం చదువు మిగిలింది. పరిశోధన ముగిసినంతమాత్రాన పిల్ల ఆకలి ముగియదు గదా!

ఈ విషయంలో నాకు తృప్తినిచ్చింది టైఫాయిడ్ కథ. అందులో మన చెయ్యి కూడా ఉంది కనక మరీనూ. బ్లాంటైర్ ఆసుపత్రిలో 1998 నుంచి 2010 దాకా టైఫాయిడ్ కేసులు ఏడాదికి సగటున 14. ఒక్క 2014లో 782. పాతమందులకు లొంగని రకం వచ్చిపడింది. 2018లో అక్కడి పేటల్లో తొమ్మిదినెలల బిడ్డ మొదలు పన్నెండేళ్ళ పిల్లలవరకూ దాదాపు 28 వేలమందికి కొత్తటీకా పరీక్ష జరిగింది. ఆ టీకా తయారైంది మన హైదరాబాదులో, భారత్ బయోటెక్‌లో. పోల్చి చూడడానికి పెట్టిన సగంమంది పిల్లలకు ఉత్తనీళ్ళు గుచ్చలేదు. మెదడుపొర వాపును ఆపే మరో టీకా వేశారు. ఎవరి చెయ్యీ ఊరికే నొప్పి పెట్టకూడదని. ఇది నాకు బాగా నచ్చింది. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం నూటికి ఎనభై మందికి పైగా రక్షణ. 2023 మే నెలలో మలావి ప్రభుత్వం ఆ టీకాను దేశమంతటా పిల్లలకు వేయించడం మొదలుపెట్టింది. అడిగారు, తీసుకున్నారు, తిరిగి తెచ్చి ఇచ్చారు. జాబితాలో ఎన్నిటికి ఈ మూడోమాట చెప్పగలం?

అక్కడివాళ్ళ సంగతులు ఇంత చెప్పి మన గడప మాట దాచుకోవడం బాగుండదు. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంతో సహా మూడు మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు రాకుండా ఆపే టీకాను ఒక పరిశీలన కింద వేశారు. చాలామంది గిరిజనుల పిల్లలు, హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారని గగ్గోలు పుట్టి 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. ఆ టీకా మంచిదేనని ప్రపంచమంతా ఒప్పుకుంటోంది. అయితే ఒప్పుదల కాగితాలు తీసి చూస్తే? 9,543 ఫారాల్లో 2,763 మీద హాస్టలు వార్డెన్లే సంతకం చేశారు. మరో 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని గట్టిగా ఎత్తిపొడిచింది. పిల్ల తల్లి ఇరవై మైళ్ళ అవతల గూడెంలో ఉంది. కబురంపితే వచ్చేదే. మంచిపనే చేస్తున్నాం గదా, మళ్ళీ అడగడమెందుకు అనుకున్నారు కాబోలు.

"మౌనం అర్ధాంగీకారం" అని మనకొక సామెత ఉంది. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల తలవంచుకుంటే వాడుకునే మాట. పరిశోధకులకు అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఇక మాటల వెంట పోవడం నా వృత్తిదోషం కనక ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను. "ఆమోదం" అంటే కావ్యాల్లో పరిమళం, సంతోషం. పైవాడికి నచ్చి తల ఊపడం దాకా ఆ మాట దిగివచ్చింది. "సమ్మతి" అలా కాదు. అందులో మతి ఉంది, కూడా ఉన్నదన్న అర్థమూ ఉంది. సంఘం ఇవ్వగలిగింది ఆమోదం. సమ్మతి ఇవ్వగలిగింది మా అమ్మ.

ఆ ఆదివారం ఏమైందో చెప్పలేదు గదూ. అమ్మాయి కాసేపు తటపటాయించి, ఫారాల కట్ట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, "మామ్మగారూ, మీ వేలినుంచి ఒక్క చుక్క తీసుకోనిస్తారా? చీమ కుట్టినట్టుంటుంది. ఎంతుందో ఇప్పుడే మీకు చెబుతాను. వద్దంటే తియ్యను" అంది.

"ఇప్పుడడిగావు. తీసుకో" అని మా అమ్మ ఎడమచెయ్యి చాపింది. చుక్క తీసి యంత్రంలో పెట్టి చూసి, రక్తం కొంచెం తక్కువుందనీ, ఆకుకూరలు తినాలనీ, ఒకసారి డాక్టరుకు చూపించుకోమనీ చెప్పి అంకె కాగితంమీద రాసిచ్చింది. అది ఇప్పుడు మా దేవుడి అలమరలో పసుపుకుంకాల పక్కన ఉంది.

చివర్న ఇంట్లో బంగారం ఎంతుందని అడిగింది. మా అమ్మ నోరు విప్పలేదు. అమ్మాయి ఏదో రాసుకుంది. "ఏం రాశావో చదువు" అంది మా అమ్మ.

"జవాబు చెప్పడానికి ఇష్టపడలేదు అని రాశానండీ."

"ఆఁ, అది సరిగ్గా రాశావు. అట్లాగే ఉంచు. మజ్జిగ తాగి వెళ్ళు."